మార్పులు చేసిన రిమోట్ కారులో బ్యాటరీ వేడెక్కుతుంటే: కారణం కనిపెట్టి సరిచేసే పద్ధతి

నాలుగు పెన్సిల్ సెల్లతో నడిచే బొమ్మ రిమోట్ కారును విప్పి, వాటి స్థానంలో రెండు 18650 లిథియం అయాన్ సెల్లు (18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే రీఛార్జబుల్ సెల్లు) అమర్చడం ఇంట్లో ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవారు తరచుగా చేసే మార్పు. కారు వేగం బాగా పెరుగుతుంది. దానితోపాటు కాసేపటికే బ్యాటరీ బాక్స్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. అప్పుడు చాలామంది సెల్లను మార్చి చూస్తారు, కొత్త సెల్లు కూడా అలాగే వేడెక్కుతాయి. లోపం సాధారణంగా సెల్లో కాక, ఆ సెల్ నుంచి కరెంటును లాగుతున్న చోట ఉండటమే ఇందుకు కారణం. కాబట్టి ఈ మార్గదర్శిలో సెల్ల పరీక్ష చివరి మెట్లలో వస్తుంది. కారును ఉదాహరణగా తీసుకున్నా, మోటారు ఉన్న ఏ బొమ్మకైనా ఇదే క్రమం పనికివస్తుంది.

పని మొదలుపెట్టే ముందు

లిథియం అయాన్ సెల్లను వాడుతున్నప్పుడు 60 డిగ్రీల సెల్సియస్, ఛార్జ్ చేస్తున్నప్పుడు 45 డిగ్రీలు దాటనివ్వకూడదని తయారీదారులు సాధారణంగా సూచిస్తారు. సెల్‌ను పట్టుకుని కొద్ది సెకన్లలోనే చేయి తీసేయాలనిపిస్తే అది 50 డిగ్రీల ప్రాంతంలో ఉందని భావించి పరీక్షను అక్కడే ఆపాలి. చేతి అంచనా కంటే మల్టీమీటర్‌తో వచ్చే థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను కొలిచే వైరు) మేలు; దాని కొనను సెల్ మధ్యభాగానికి టేపుతో అంటించి చదవాలి. కరోనా కాలంలో ఇంటింటికీ చేరిన నుదుటి థర్మామీటర్ ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే శరీర ఉష్ణోగ్రతను కొలిచే పద్ధతిలో ఉన్నప్పుడు అది ఆ పరిధి దాటిన వేడిని చూపించదు.

సెల్ ఉబ్బినా, దాని నుంచి తియ్యటి రసాయన వాసన వచ్చినా, పైపొర కింద తడి కనిపించినా దాన్ని పరీక్షించే ప్రయత్నమే చేయకూడదు. వెంటనే ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా, రాతి నేల మీదో ఇసుక మీదో ఉంచాలి. దానికి రంధ్రం చేయడం, నొక్కి సరిచేయడం ప్రమాదకరం. ఒకవేళ మంట లేస్తే ఆ పొగను పీల్చకుండా దూరం జరగాలి. అవకాశం ఉంటే దూరం నుంచే ధారాళంగా నీళ్లు పోసి చల్లబరచాలి. మంట ఆరిన సెల్ మళ్లీ అంటుకునే అవకాశం ఉంది కాబట్టి దాన్ని చాలాసేపటి వరకు తాకకూడదు.

పరీక్ష పూర్తయ్యేదాకా బొమ్మ పిల్లల చేతికి వెళ్లకూడదు. చేతి గడియారం, ఉంగరం, గాజులు తీసి పక్కన పెట్టడం కూడా ముఖ్యమే. రెండు ధ్రువాల మధ్య ఉంగరం తగిలితే అది క్షణాల్లో ఎర్రగా కాలుతుంది.

మొదటి మెట్టు: ఎప్పుడు వేడెక్కుతోందో తేల్చుకోవడం

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని, కారు స్విచ్ ఆపి ఉన్నప్పుడు, స్విచ్ వేసి కదలకుండా ఉంచినప్పుడు, పరుగెత్తుతున్నప్పుడు, ఛార్జ్ అవుతున్నప్పుడు సెల్ ఎంత వేడిగా ఉందో విడివిడిగా రాసుకోవాలి. ప్రతి దశకూ ముందు సెల్లను గది ఉష్ణోగ్రతకు చల్లారనివ్వాలి. స్విచ్ ఆపి ఉన్నా వేడెక్కితే ఎక్కడో షార్ట్ ఉంది. స్విచ్ వేసి ఊరికే ఉంచితే వేడెక్కితే బోర్డు మీదనో, తర్వాత కలిపిన లైట్ల వంటి వాటిలోనో తేడా ఉంది. పరుగులో మాత్రమే వేడెక్కితే మోటారు, గేర్లు, వైర్లు, స్ప్రింగులను చూడాలి.

వేడి ఏ భాగంలో ఉందో కూడా గమనించాలి. సెల్ మొత్తం ఒకే తీరుగా వేడెక్కితే దాని లోపల వేడి పుడుతోందని అర్థం. ఒక కొన మాత్రమే కాలుతూ మధ్యభాగం గోరువెచ్చగా ఉంటే వేడి స్ప్రింగు దగ్గర పుట్టి సెల్‌లోకి పాకుతోంది. ఈ చిన్న గమనిక సగం వెతుకులాటను తప్పిస్తుంది.

రెండవ మెట్టు: మార్పు వల్ల ఏం మారిందో లెక్క వేయడం

వేడికి సూత్రం ఒక్కటే: కరెంటును దానితోనే గుణించి, వచ్చినదాన్ని నిరోధంతో గుణిస్తే అక్కడ పుట్టే వేడి వాట్లలో వస్తుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మోటారు చుట్ట నిరోధం 1 ఓమ్ అనుకుందాం. నాలుగు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు కలిసి 6 వోల్టులు ఇస్తాయి; ఒక్కొక్క సెల్‌కు లోపలి నిరోధం 0.2 ఓమ్ అనుకుంటే మొత్తం 0.8 ఓమ్ అవుతుంది. చక్రం గోడకు తగిలి మోటారు ఆగిపోయిన క్షణంలో కరెంటు 6ను 1.8తో భాగిస్తే వచ్చే 3.3 ఆంపియర్లు. ఇప్పుడు నిండుగా ఛార్జ్ అయిన రెండు 18650 సెల్లు పెడితే వోల్టేజీ 8.4, లోపలి నిరోధం రెండింటికీ కలిపి 0.1 ఓమ్ ఉండవచ్చు. అదే మోటారు ఆగిపోతే 8.4ను 1.1తో భాగించగా 7.6 ఆంపియర్లు పారుతాయి. కరెంటు రెండింతలకు కాస్త పైన పెరిగింది గానీ, మోటారులో పుట్టే వేడి 11 వాట్ల నుంచి 58 వాట్లకు, అంటే ఐదింతలు దాటి పెరిగింది. ఒక్కో సెల్ లోపలి వేడి మాత్రం 2.2 వాట్ల నుంచి 2.9 వాట్లకే చేరింది.

ఈ లెక్కలో చూడవలసిన విషయం ఏమిటంటే, పాత పెన్సిల్ సెల్ల బలహీనతే ఆ బొమ్మకు రక్షణగా పనిచేసింది. మోటారు ఎంత లాగినా అవి అంతకుమించి ఇవ్వలేకపోయేవి. తయారీదారు సన్నని వైర్లు, పలుచని స్ప్రింగులు సరిపోతాయనుకున్నది ఆ హద్దును నమ్ముకునే. లిథియం సెల్లతో ఆ హద్దు చెరిగిపోయింది. అలాగే మోటారులో, స్ప్రింగులో, పక్కనున్న బోర్డులో పుట్టిన వేడి అంతా మూసివున్న ప్లాస్టిక్ పెట్టెలో చివరికి సెల్లనే చేరుతుంది.

మూడవ మెట్టు: కదలకుండా ఉన్నప్పుడు పుట్టే వేడి

స్విచ్ ఆపి ఉన్నా సెల్ వేడెక్కుతుంటే సెల్లను వెంటనే బయటకు తీసి, ముందు కంటితో పరిశీలించాలి. 18650 సెల్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది: పైన మధ్యలో ఉండే బొడిపె మాత్రమే ధన ధ్రువం, దాని చుట్టూ ఉన్న అంచుతో సహా మిగిలిన లోహపు డబ్బా అంతా రుణ ధ్రువమే. పైనున్న పలుచని ప్లాస్టిక్ తొడుగు ఆ అంచు దగ్గర చిరిగితే, హోల్డర్ రేకో సోల్డరింగ్ బొట్టో రెండింటినీ కలిపేస్తుంది. పెన్సిల్ సెల్ల కోసం చేసిన బాక్స్‌ను కోసి 18650ను ఇరికించినప్పుడు ఈ తొడుగు చిరగడం మామూలే. తొడుగు చిరిగిన సెల్‌కు కొత్త తొడుగు వేసి, ధన ధ్రువం చుట్టూ గుండ్రని ఫైబర్ వాషర్ అంటించాకే మళ్లీ వాడాలి.

తర్వాత కరెంటును కొలవాలి. మల్టీమీటర్ ఎర్ర లీడ్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, సెల్‌కూ బోర్డుకూ మధ్య వరుసలో కలపాలి. మన ఊళ్లలో ఎక్కువగా దొరికే చవక పసుపు మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజు ఉండదు; కాబట్టి ఎక్కువ కరెంటును కొన్ని సెకన్లకు మించి కొలవకూడదు. కొలత అయిపోయిన తక్షణం లీడ్‌ను వోల్టేజీ రంధ్రంలోకి మార్చాలి. లీడ్ అక్కడే ఉండగా సెల్ వోల్టేజీ చూడబోతే సెల్‌ను స్వయంగా షార్ట్ చేసినట్టే అవుతుంది.

స్విచ్ ఆపినప్పుడు మీటర్ దాదాపు సున్నా చూపాలి. కొన్ని మిల్లీఆంపియర్లు కనిపిస్తే, కొత్తగా కలిపిన వోల్టేజీ పెంచే మాడ్యూల్ స్విచ్‌కు ముందే సెల్‌తో కలిసి ఉందేమో చూడాలి. అది వేడిని పుట్టించకపోయినా సెల్‌ను రోజుల తరబడి ఖాళీ చేసి చెడగొడుతుంది. స్విచ్ వేసి రిమోట్ ముట్టకుండా ఉన్నప్పుడు రిసీవర్ బోర్డు కొన్ని పదుల మిల్లీఆంపియర్లకు మించి తీసుకోనవసరం లేదు. వందల్లో కనిపిస్తే మోటారును ముందుకూ వెనక్కూ తిప్పే ట్రాన్సిస్టర్లలో ఒకటి కాలి షార్ట్ అయి ఉండవచ్చు. 6 వోల్టులకు చేసిన బోర్డుకు 8.4 వోల్టులు ఇచ్చినప్పుడు ముందుగా పోయేవి అవే. అటువంటి బోర్డును సరిచేయడం కంటే మోటారు కరెంటుకు తగిన కొత్త డ్రైవర్ బోర్డు పెట్టడం సులువు.

అందం కోసం కలిపిన ఎల్‌ఈడీ పట్టీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 12 వోల్టుల పట్టీ అర ఆంపియర్ తీసుకుంటే అది 6 వాట్లు. ఆ 12 వోల్టులను ఒకే 3.7 వోల్టుల సెల్ నుంచి పెంచి ఇస్తే, మాడ్యూల్ నష్టాలతో కలిపి సెల్ మీద సుమారు 1.9 ఆంపియర్ల భారం పడుతుంది. కారు కదలకపోయినా సెల్ వెచ్చబడటానికి అది చాలు.

నాలుగవ మెట్టు: పరుగులో పుట్టే వేడి

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలుతుంది కాబట్టి ఈ మెట్టుకు తీరిక అవసరం.

మీటర్‌ను నేరుగా వరుసలో పెట్టే బదులు 0.1 ఓమ్, 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్‌ను వరుసలో పెట్టి, దాని రెండు కొసల మధ్య మిల్లీవోల్టులను చదవడం సురక్షితం. 100 మిల్లీవోల్టులు కనిపిస్తే 1 ఆంపియర్, 250 కనిపిస్తే 2.5 ఆంపియర్లు పారుతున్నట్టు. ముందు మోటారును గేర్ల నుంచి విడదీసి ఒంటరిగా తిప్పి చూడాలి, తర్వాత గేర్లతో కలిపి చక్రాలు గాలిలో ఉండగా, ఆ తర్వాత నేల మీద నడుస్తుండగా చూడాలి. చివరిగా, అవసరమైతే మాత్రమే, చక్రాన్ని పట్టి ఆపి ఒకే ఒక్క క్షణం కొలవాలి.

ఈ అంకెలు ఎలా ఉండాలో ఒక అంచనా కోసం: బొమ్మల్లో బాగా కనిపించే 130 సైజు మోటార్లలో మబూచీ సంస్థ ఎఫ్ఏ-130ఆర్ఏ ఒక రకానికి 1.5 వోల్టుల దగ్గర ఖాళీగా తిరిగితే 0.2 ఆంపియర్, మంచి పనితీరు దగ్గర 0.66 ఆంపియర్, ఆగిపోతే 2.2 ఆంపియర్లు అని చూపుతుంది. అంటే ఖాళీ పరుగుకూ ఆగిపోవడానికీ మధ్య పదకొండు రెట్ల తేడా. అందువల్ల మోటారు మీద భారం కొంచెం పెరిగినా కరెంటు చాలా పెరుగుతుంది.

ఒంటరిగా తిరిగే మోటారు కూడా ఎక్కువ కరెంటు లాగుతుంటే దాని చుట్టలో కొన్ని పొరలు కాలి ఉంటాయి లేదా బ్రష్‌లు అరిగి ఉంటాయి. దాన్ని మార్చడమే మార్గం. ఒంటరిగా సరిగా ఉండి, గేర్లు కలపగానే కరెంటు ఎగబాకితే లోపం యాంత్రికమైనది. ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలు, తివాచీ దారాలు తీసేయాలి. మోటారు మీది చిన్న పళ్ల చక్రం పెద్ద చక్రానికి మరీ దగ్గరగా బిగిస్తే పళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. రెండింటి మధ్య పలుచని కాగితం ముక్క దూరేంత సందు ఉండాలి. వేగం కోసం మోటారు మీద ఎక్కువ పళ్లున్న చక్రం పెట్టి ఉంటే, కారు కదలడానికి మోటారు ఎక్కువ బలం పెట్టవలసి వస్తుందని, ఆ బలం కరెంటు రూపంలో సెల్ నుంచే వస్తుందని గుర్తుంచుకోవాలి. పాత చక్రాన్ని తిరిగి పెడితే చాలా కార్లలో వేడి సమస్య అక్కడితో తీరిపోతుంది.

యాంత్రికంగా అన్నీ సరిగా ఉండి నేల మీద కరెంటు ఇంకా ఎక్కువగా ఉంటే, మోటారుకు అందే వోల్టేజీ ఎక్కువైనట్టు. ఇక్కడ నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను: చిన్న పిల్లలు ఆడుకునే కారుకు లిథియం సెల్లు అక్కరలేదు. నాలుగు రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్లు 4.8 వోల్టులే ఇచ్చినా, లోపలి నిరోధం తక్కువ కాబట్టి భారం పడినప్పుడు ఆల్కలైన్ సెల్లంతగా నీరసించవు. పాత బాక్స్‌లోనే ఇమిడిపోతాయి. వాటిని షార్ట్ చేసినా ప్రమాదమే గానీ, లిథియం సెల్ లాగా మంటలు చిమ్మే అవకాశం తక్కువ. లిథియమే కావాలనుకునేవారు, రెండు సెల్ల తర్వాత మోటారు ఆగిపోయే కరెంటును తట్టుకునే వోల్టేజీ తగ్గించే మాడ్యూల్ పెట్టి 6 వోల్టుల దగ్గర నిలపాలి.

ఐదవ మెట్టు: స్ప్రింగులు, వైర్లు, స్విచ్

కారు భారంతో నడుస్తుండగా మీటర్‌ను వోల్టేజీ దగ్గర ఉంచి, ఒక లీడ్‌ను సెల్ ధ్రువం మీద, మరొకదాన్ని స్ప్రింగుకు సోల్డర్ చేసిన వైరు మీద పెట్టాలి. మంచి స్పర్శ ఉంటే కొద్ది మిల్లీవోల్టులే కనిపిస్తాయి. 2 ఆంపియర్ల దగ్గర 200 మిల్లీవోల్టులు కనిపిస్తే ఆ స్ప్రింగు నిరోధం 0.1 ఓమ్, పై లెక్కలోని 7.6 ఆంపియర్లు పారిన క్షణాల్లో ఆ ఒక్క స్ప్రింగులోనే 5.8 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ బాక్స్ కరగడానికి అంతకంటే ఎక్కువ అవసరం లేదు. ఇదే విధంగా స్విచ్ రెండు కాళ్ల మధ్య, వైరు రెండు కొసల మధ్య కూడా చదవాలి.

తుప్పు పట్టిన స్ప్రింగును సన్నని ఎమరీ కాగితంతో రుద్ది శుభ్రం చేయవచ్చు. వేడికి నల్లబడి మెత్తబడిన స్ప్రింగును మార్చవలసిందే. స్ప్రింగు కింది నుంచి పై కొన వరకు చిన్న రాగి వైరు ముక్కను సోల్డర్ చేస్తే కరెంటు ఉక్కు చుట్లలో తిరగకుండా నేరుగా పోతుంది. అయితే సెల్ మీదికి నేరుగా సోల్డర్ చేయకూడదు. ఆ వేడి సెల్ లోపలి పొరలను పాడుచేస్తుంది. నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగ్ చేయించిన సెల్లను తెచ్చుకోవడం ఉత్తమం. బొమ్మలో వచ్చిన వెంట్రుకలాంటి వైర్లను తీసి, సెల్ నుంచి మోటారు వరకు 0.5 లేదా 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయాలి.

ఆరవ మెట్టు: సెల్లనే అనుమానించడం

ఇంతవరకు అన్నీ సరిగా ఉండి ఇంకా సెల్ మొత్తం వేడెక్కుతుంటే ఇప్పుడు సెల్‌ను పరీక్షించాలి. నిండుగా ఛార్జ్ చేసి కొంతసేపు విశ్రాంతి ఇచ్చాక వోల్టేజీ రాసుకుని, 3.9 ఓమ్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు కలిపి, భారంతో ఉండగానే వోల్టేజీ మళ్లీ చదవాలి. కరెంటు సుమారు 1 ఆంపియర్ ఉంటుంది కాబట్టి తగ్గిన వోల్టులే దాదాపు ఓమ్‌లలో లోపలి నిరోధం. 0.05 వోల్టు తగ్గితే ఆరోగ్యకరమైన సెల్, 0.2 దాటితే మోటారు పనికి పనికిరాదు.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన సెల్లు ఎక్కువగా ఈ పరీక్షలో విఫలమవుతాయి. పైన సామర్థ్యం 9900 మిల్లీఆంపియర్ అవర్ అని ముద్రించిన సెల్లను పరీక్షించే శ్రమ కూడా అనవసరం, ఎందుకంటే ఈ పరిమాణంలో పేరున్న కంపెనీల సాధారణ సెల్లే 3500 ప్రాంతంలో ఆగిపోతాయి. అసలు సెల్ 45 గ్రాముల పైచిలుకు తూగుతుంది. చేతికి తేలికగా అనిపించే సెల్‌ను అనుమానించాలి. కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి మార్కెట్లలో కొనేటప్పుడు భారతీయ ప్రమాణం ఐఎస్ 16046 గుర్తు ఉందో లేదో చూసి తీసుకోవాలి.

వరుసలో కలిపే రెండు సెల్లు ఒకే రకం, ఒకే వయసు, ఒకే వోల్టేజీలో ఉండాలి. బలహీనమైన సెల్ ముందుగా ఖాళీ అయితే బలమైన సెల్ దాని గుండా కరెంటును తోస్తూనే ఉంటుంది, ఖాళీ సెల్ తలకిందులుగా ఛార్జ్ అయి లోపల దెబ్బతింటుంది. రెండింటిలో ఒకటే ఎక్కువ వేడెక్కడం దీనికి గుర్తు.

ఏడవ మెట్టు: ఛార్జింగ్ సమయంలో వేడి

టీపీ4056 అనే చిన్న ఛార్జింగ్ మాడ్యూల్ ఒకే సెల్ కోసం చేసినది. రెండు సెల్ల వరుసకు దాన్ని వాడకూడదు. ఒక సెల్‌కు వాడినా, 5 వోల్టులకూ సెల్ వోల్టేజీకీ మధ్య తేడాను అది వేడిగా మారుస్తుంది కాబట్టి, 1 ఆంపియర్ దగ్గర మాడ్యూల్ తానే కాలుతుంది. దాన్ని సెల్‌కు డబుల్ టేపుతో అంటిస్తే సెల్ వేడెక్కినట్టు కనిపిస్తుంది. మాడ్యూల్‌ను దూరంగా జరిపి, కరెంటును నిర్ణయించే 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ స్థానంలో 2.4 కిలో ఓమ్ పెడితే కరెంటు సగానికి తగ్గుతుంది.

రెండు సెల్ల వరుసకు 8.4 వోల్టుల దగ్గర ఆగే లిథియం ఛార్జరే కావాలి. ఇంట్లో ఉన్న 9 లేదా 12 వోల్టుల అడాప్టర్‌ను రక్షణ బోర్డుకు (వోల్టేజీ, కరెంటు హద్దు దాటితే సెల్లను తెంచే చిన్న బోర్డు) నేరుగా కలిపి, అదే చూసుకుంటుందని వదిలేయడం కనిపిస్తూనే ఉంటుంది. ఆ బోర్డు చివరి క్షణంలో తెంచే కంచె మాత్రమే, ఛార్జర్ కాదు. ఆడిన వెంటనే వేడి సెల్‌ను ఛార్జ్‌కు పెట్టకూడదు. మే నెల మధ్యాహ్నం మన గదుల్లోనే ఉష్ణోగ్రత 40 డిగ్రీల చుట్టూ ఉన్నప్పుడు 45 డిగ్రీల హద్దుకు మిగిలేది చాలా తక్కువ కాబట్టి, ఆ రోజుల్లో తెల్లవారుజామున ఛార్జ్ చేయడం మంచిది. నిద్రపోయే ముందు ఛార్జ్‌కు పెట్టి వదిలేయకూడదు.

ఎనిమిదవ మెట్టు: రక్షణ పెట్టి, నడిపి చూడడం

లోపం దొరికి సరిచేశాక కూడా, సెల్ ధన ధ్రువానికి వీలైనంత దగ్గరగా ఒక ఫ్యూజు ఉండాలి. నేల మీద మామూలు పరుగులో కొలిచిన కరెంటు 2 ఆంపియర్లైతే 3 ఆంపియర్ల గాజు ఫ్యూజు సరిపోతుంది. చల్లారాక తిరిగి కలిసే పాలీఫ్యూజు పెడితే, దాని మీద రాసిన కరెంటు అది భరించేదని, తెగడానికి సాధారణంగా దాదాపు రెట్టింపు కావాలని గమనించాలి. రెండు లిథియం సెల్లకు రక్షణ బోర్డు తప్పనిసరి. దాని మధ్య వైరు రెండు సెల్ల కలయిక దగ్గరికే వెళ్లాలి.

కారు మూత తీసి ఉంచి అయిదు నిమిషాలు నడిపి, సెల్, మోటారు, డ్రైవర్ ఉష్ణోగ్రతలు రాసుకోవాలి. తర్వాత మూత బిగించి మళ్లీ అంతే సేపు నడపాలి. మూత బిగించాక సెల్ వేడి బాగా పెరిగితే మోటారు పక్కన గాలి రంధ్రాలు చేసి, మోటారుకూ సెల్లకూ మధ్య దూరం పెంచాలి. గదిలో ఉష్ణోగ్రత కంటే సెల్ 15 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉంటే దాన్ని వాడుకోదగిన స్థితిగా నేను లెక్కిస్తాను. విద్యుత్ బొమ్మలకు మన దేశంలో వర్తించే ఐఎస్ 15644 ప్రమాణం కంపెనీ అమ్మిన బొమ్మకే గాని, మనం మార్చిన బొమ్మకు కాదు; అందువల్ల సెల్ల మూతకు స్క్రూ తప్పక ఉండాలి, పెద్దవాళ్లు దగ్గర ఉన్నప్పుడే పిల్లలు దానితో ఆడాలి.

తీసేసిన సెల్ల ధ్రువాలకు ఇన్సులేషన్ టేపు చుట్టి, వేటికవి విడిగా పెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలోనో పాత బ్యాటరీలు స్వీకరించే దుకాణంలోనో ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు. కలిపితే చెత్త బండిలో నలిగి అక్కడే అంటుకునే ప్రమాదం ఉంది.